అండానికి అండ: మెలటోనిన్

మీరు భిలాయిలో పెరిగినవారైతే ఈ దృశ్యం మీకు కొత్త కాదు. రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది. పిల్లలు పక్కలు వేసుకుంటూ ఉంటారు. నాన్న మాత్రం టిఫిన్ డబ్బా సర్దుకొని, హెల్మెట్టు చేతపట్టుకొని నైట్ షిఫ్టుకి బయలుదేరతాడు. పక్క క్వార్టర్లో నర్సుగా పనిచేసే అక్క ఆసుపత్రి డ్యూటీకి సిద్ధమవుతుంది. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో మూడు తరాల వాళ్లు ఇలాంటి రాత్రులు చూశారు.

1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ భిలాయి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఉక్కు కర్మాగారాన్ని దుకాణంలా సాయంత్రం కట్టేసి, పొద్దున్నే తెరవడం కుదరదు. కోక్ ఓవెన్‌ను చల్లారనిస్తే లోపలి ఇటుక పగిలిపోతుంది. కొలిమి ఆరిపోతే లోపలి లోహం గడ్డకడుతుంది. అందుకే అక్కడ రాత్రి, పగలు ఒకటే.

యంత్రానికి రాత్రి లేదు సరే. మనిషి శరీరానికి? అందులోనూ కంటికి కనిపించీ కనిపించనంత చిన్నదైన అండానికి, ఒంట్లో ఎక్కడో చీకటిలో ఉండే ఆ ఒక్క కణానికి, బయట రాత్రయిందో పగలయిందో తెలుస్తుందా? ఒక విధంగా తెలుస్తుంది. ఆ వార్త మోసుకుపోయే పదార్థం పేరు మెలటోనిన్. దాని గురించి మనకు నిజంగా ఏం తెలుసో, ఏది ఇంకా తేలలేదో వేరువేరుగా చూద్దాం. ఎందుకంటే ఈ రెంటినీ కలిపేస్తే నష్టపోయేది పిల్లల కోసం ఎదురుచూసే దంపతులే.

చీకటి హార్మోను

మెదడు మధ్యభాగంలో బియ్యపుగింజను మించి పెద్దగా లేని ఒక గ్రంథి ఉంది. దాన్ని పీనియల్ గ్రంథి అంటారు. 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన చర్మవైద్యుడు ఏరన్ లెర్నర్, ఆయన సహచరులు పశువుల పీనియల్ గ్రంథులను పెద్ద సంఖ్యలో సేకరించి, వాటి నుంచి ఒక పదార్థాన్ని వేరుచేశారు. దాన్ని కప్ప చర్మంపై వేస్తే ముదురు రంగు తగ్గి తెల్లబడింది. చర్మపు రంగు మెలనిన్ వల్ల వస్తుంది. ఈ పదార్థం సెరటోనిన్ నుంచి తయారవుతుంది. ఆ రెండు పేర్లూ కలిసి మెలటోనిన్ అయింది.

దీని తయారీ కంటిచూపుతో ముడిపడి ఉంది. కంటి రెటీనాలోని కొన్ని ప్రత్యేక కణాలు బొమ్మలను చూడటానికి కాక, వెలుతురు ఎంత ఉందో కొలవడానికే ఉపయోగపడతాయి. నీలికాంతికి ఇవి ఎక్కువగా స్పందిస్తాయి. ఆ సమాచారం మెదడు అడుగుభాగాన, అధోపర్యంకంలో ఉన్న జీవగడియారానికి చేరుతుంది. వెలుతురు తగ్గి రాత్రయితే ఆ గడియారం పీనియల్‌కి అనుమతిస్తుంది, మెలటోనిన్ రక్తంలోకి వస్తుంది. సాధారణంగా రాత్రి తొమ్మిది, పది గంటల ప్రాంతంలో పెరగడం మొదలై, రెండు, నాలుగు గంటల మధ్య పతాకస్థాయికి చేరి, తెల్లవారేసరికి తగ్గిపోతుంది. మధ్యలో బల్బు వేసి వెలుతురులో కూర్చుంటే గ్రంథి పని మందగిస్తుంది. నిద్రపోయినా, మేలుకున్నా ముఖ్యమైనది చీకటి. అందుకే దీన్ని నిద్ర హార్మోను అనడం కంటే చీకటి హార్మోను అనడమే సరైనది.

గేదె నేర్పే పాఠం

సంతానోత్పత్తితో దీనికి సంబంధం ఉందని మన పల్లె రైతుకి మరో రూపంలో ఎప్పటినుంచో తెలుసు. ఎండాకాలంలో చాలా గేదెలు ఎదకు రావు. పగలు తగ్గి, రాత్రి పెరిగే కాలంలో ఎక్కువగా ఎదకు వస్తాయి. మేత, ఎండ వేడిమి కూడా ఇందులో పాలుపంచుకుంటాయి కాని, రాత్రి నిడివి ఒక ముఖ్యమైన సంకేతం. రాత్రి పెరిగితే మెలటోనిన్ స్రవించే సమయమూ పెరుగుతుంది. ఆ నిడివిని బట్టి శరీరం ఋతువును గుర్తిస్తుంది. చెవి దగ్గర చర్మం కింద మెలటోనిన్ గుళికను అమర్చి, కాలం కాని కాలంలో గొర్రెలను, గేదెలను ఎదకు రప్పించే ప్రయత్నాలు జరిగాయి. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చందనా హల్దార్ బృందం మన ఉడుతల్లో పీనియల్ గ్రంథికీ, ప్రజననానికీ ఉన్న సంబంధాన్ని ఏళ్ల తరబడి పరిశీలించింది.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి. అదే మెలటోనిన్ పొడుగైన రాత్రుల్లో గేదెను ప్రజననానికి సిద్ధం చేస్తే, హామ్‌స్టర్ అనే చిట్టెలుక వంటి జంతువును ఆపుతుంది. కాబట్టి అది సంతానాన్ని ఇచ్చే మందూ కాదు, ఆపే మందూ కాదు. రాత్రి ఎంతసేపు ఉందో చెప్పే వార్త మాత్రమే. ఆ వార్తకు ఏం చేయాలన్నది ఆయా జంతువు శరీరం నిర్ణయించుకుంటుంది. మనిషికి ఇలాంటి ఎద ఋతువు లేదు. మరి మనలో మెలటోనిన్‌కి అండంతో ఏం పని?

అండం చేసే నిరీక్షణ

ఆ పని తెలియాలంటే ముందు అండం కథ తెలియాలి. ఆడశిశువు తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాలన్నీ తయారవుతాయి. అయిదో నెలలో వాటి సంఖ్య 60, 70 లక్షల దాకా ఉంటుంది. పుట్టేనాటికి 10 నుంచి 20 లక్షలు, యుక్తవయసుకి 3, 4 లక్షలు మిగులుతాయి. జీవితం మొత్తంలో పక్వమై విడుదలయ్యేవి సుమారు 400 మాత్రమే.

ఈ అండాలు క్షయకరణ విభజనను మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోతాయి. ఏళ్ల తరబడి అలా ఆగే ఉంటాయి. ముప్పై ఏళ్ల స్త్రీలో ఈ నెల విడుదలయ్యే అండానికి ముప్పై ఏళ్లు దాటిన వయసుంటుంది. పీయూష గ్రంథి నుంచి ల్యూటినైజింగ్ హార్మోను ఒక్కసారిగా వెల్లువెత్తినపుడే ఆగిన విభజన మళ్లీ సాగుతుంది. అప్పుడు క్రోమోజోములు కండె తంతువులకు అంటుకొని సరిగ్గా రెండు వాటాలుగా విడిపోవాలి. ఒక్క క్రోమోజోము దారి తప్పినా పిండం నిలవకపోవచ్చు, లేదా లోపంతో పెరగవచ్చు. వయసు పెరిగేకొద్దీ ఇలాంటి తప్పులు పెరుగుతాయి.

పుటిక పగిలే వేళ

అండం ఒంటరిగా ఉండదు. దాని చుట్టూ పోషక కణాలు, వాటి మధ్య ద్రవం నిండిన సంచి ఉంటాయి. మీ పాఠ్యపుస్తకంలో గ్రాఫియన్ పుటిక అని చదివారు కదా, అదే. ఈ పుటిక పగిలి అండం బయటికి రావడం పువ్వు విచ్చుకున్నంత సున్నితంగా జరగదు. ఒక చిన్న గాయంలాగానే జరుగుతుంది. అక్కడికి తెల్లరక్తకణాలు చేరతాయి, రక్తనాళాలు ఉబ్బుతాయి, పుటిక గోడ కరుగుతుంది. ఈ పనిలో ఫ్రీ రాడికల్స్ అనే అతి చురుకైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి.

భిలాయి విద్యార్థికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. ఆక్సిజన్ లేనిదే ఉక్కు లేదు. కరిగిన ఇనుములోని కార్బన్‌ను కాల్చివేయడానికి కన్వర్టర్లో ఆక్సిజన్ ఊదుతారు. అదే ఆక్సిజన్ తేమతో కలిసి, తయారైన రైలు పట్టాను తుప్పు పట్టిస్తుంది. శరీరంలోనూ అంతే. పుటిక పగలడానికి కొంత ఫ్రీ రాడికల్స్ కావాలి. అవి హద్దు మీరితే పక్కనే ఉన్న అండం పొరలు, డీఎన్ఏ, కండె తంతువులు దెబ్బతింటాయి.

ఇక్కడే మెలటోనిన్ రెండో పని బయటపడుతుంది. అది ఫ్రీ రాడికల్స్‌ను నేరుగా పట్టి నిర్వీర్యం చేస్తుంది. అంతేకాక కణంలోని రక్షక ఎంజైములను చురుకుపరుస్తుంది. 1987లో పరిశోధకులు స్త్రీల పుటిక ద్రవాన్ని పరీక్షించి, అందులో మెలటోనిన్ రక్తంలో కంటే ఎక్కువ మోతాదులో ఉందని చూపారు. పుటిక పెద్దదయ్యే కొద్దీ ఆ మోతాదు పెరుగుతుందని తర్వాత జపాన్ పరిశోధకులు గమనించారు. పీనియల్ పంపినదాన్ని పుటిక పట్టి ఉంచుకోవడమే కాదు, అండం చుట్టూ ఉండే కణాలు, అండం కూడా సొంతంగా కొంత తయారుచేసుకోగలవని జంతువుల అండాలపై జరిగిన పనులు సూచించాయి.

మొదటి ఆరు రోజులు

విడుదలైన అండం ఆయుష్షు 12 నుంచి 24 గంటలే. ఆలోగా శుక్రకణం కలవాలి. కలిస్తే ఫలదీకరణ జరిగి సంయుక్తబీజం ఏర్పడుతుంది. అది రెండో రోజుకి నాలుగు కణాలు, మూడో రోజుకి ఎనిమిది కణాలు అవుతుంది. అయిదో రోజుకి సుమారు వంద కణాలతో, మధ్యలో ఖాళీ ఉన్న బ్లాస్టోసిస్ట్ అవుతుంది. ఆరేడు రోజులకి గర్భాశయపు గోడకి అంటుకుంటుంది.

ఈ తొలి రోజుల ఖర్చంతా అండం తెచ్చుకున్న మూటలోనిదే. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలు పరిణత అండంలో లక్షకు పైగా ఉంటాయి. శుక్రకణం తెచ్చినవి నిలవవు. బ్లాస్టోసిస్ట్ దశ వచ్చేదాకా కొత్తవి దాదాపు ఏర్పడవు. ఉన్నవే కణం నుంచి కణానికి పంచుకోవాలి. శక్తినిచ్చే క్రమంలో ఫ్రీ రాడికల్స్‌ను పుట్టించేదీ ఈ మైటోకాండ్రియాలే. అంటే అండంలో మైటోకాండ్రియాలు చెడిపోతే, ఆ లోటును తీర్చుకునే వీలు పిండానికి ఆ కొద్దిరోజుల్లో లేదన్నమాట.

ప్రయోగశాల గాజుపాత్రల్లో ఎలుక పిండాలను పెంచే ద్రవంలో మెలటోనిన్ కలిపితే ఫలదీకరణ, తొలి విభజనలు మెరుగుపడ్డాయని 2000లో జపాన్ నుంచి నివేదిక వచ్చింది. 2013లో ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మరో సంగతి చూపారు. విడుదలైన ఎలుక అండం గంటలు గడిచేకొద్దీ ముసలిదవుతుంది. మెలటోనిన్ సమక్షంలో ఆ ముసలితనం ఆలస్యమై, ఫలదీకరణకు వీలున్న గడువు పెరిగింది.

మాత్ర మింగితే సరా?

ఇంతవరకూ చదివాక మీకు ఒక ఆలోచన రావచ్చు. మెలటోనిన్ మాత్ర రోజూ వేసుకుంటే సంతానం కలుగుతుంది కదా అని! వైద్యులకూ ఆ ఆలోచన వచ్చింది. జపాన్‌లోని యమగుచి విశ్వవిద్యాలయంలో హిరోషి తమురా బృందం 2008లో ఫలితాలు ప్రకటించింది. శరీరం వెలుపల ఫలదీకరణ చేయించుకున్నా, ముందుసారి సగం అండాలైనా ఫలదీకరణ చెందని స్త్రీలలో 56 మందికి రోజుకు 3 మిల్లీగ్రాముల మెలటోనిన్ ఇచ్చారు. 59 మందికి ఇవ్వలేదు. మాత్ర వేసుకున్నవారిలో ఫలదీకరణ శాతం సుమారు 20 నుంచి 50కి పెరిగింది. వేసుకోనివారిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు.

ఆశ కలిగించే ఫలితమే. కాని 59 మందికి ఉత్తుత్తి మాత్ర కూడా ఇవ్వలేదు. మందు వేసుకున్నామని ఎవరికీ, ఇచ్చామని వైద్యునికీ తెలియకుండా చేసే పరీక్షకే ఎక్కువ విలువ. అటువంటి పరీక్ష ఆస్ట్రేలియాలో 160 మంది స్త్రీలపై జరిగింది. కొందరికి ఉత్తుత్తి మాత్ర, మిగిలినవారికి మూడు వేర్వేరు మోతాదుల్లో మెలటోనిన్ ఇచ్చారు. 2018లో వెలువడిన ఫలితం ఇది: పుటిక ద్రవంలో మెలటోనిన్ పెరిగింది. అండాల సంఖ్యలో గాని, పిండాల నాణ్యతలో గాని, గర్భధారణలో గాని తేడా కనిపించలేదు.

అంటే మందు చేరవలసిన చోటికి చేరింది, ఆశించిన ఫలం మాత్రం రాలేదు. 160 మంది చిన్న సంఖ్యే కనుక చిన్నపాటి మేలును ఆ పరీక్ష పట్టుకోలేకపోయి ఉండవచ్చు. అయినా గాజుపాత్రలో నిజమైనదల్లా మనిషిలో నిజం కాదన్న పాఠం దీని నుంచి నేర్చుకోవాలి.

ఎలుక చేసిన హెచ్చరిక

మరో ప్రయోగం చూడండి. 2012లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, అప్పుడే జతకట్టిన ఆడ ఎలుకలను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి వెలుతురు, చీకటి వేళలు మార్చలేదు. రెండో గుంపుకి కొద్దిరోజులకోసారి ఆ వేళలను వెనక్కి, మూడో గుంపుకి ముందుకి జరుపుతూ పోయారు. మన షిఫ్టులు మారినట్టే! మొదటి గుంపులో 90 శాతం గర్భాలు నిండాయి. రెండో గుంపులో 50 శాతం, మూడో గుంపులో 22 శాతం మాత్రమే నిండాయి.

చూశారా, మెలటోనిన్ తగ్గినందుకే ఇలా జరిగింది అని మీరు అనబోతున్నారు. ఆగండి! ఆ ప్రయోగంలో వాడిన జాతి ఎలుకల్లో, పుట్టుకతో వచ్చిన జన్యులోపం వల్ల, పీనియల్ గ్రంథి మెలటోనిన్‌ను దాదాపుగా తయారు చేయదు. అయినా మామూలు వేళల్లో అవి హాయిగా పిల్లలను కన్నాయి. కాబట్టి రాత్రి వచ్చే మెలటోనిన్ లేకపోతే సంతానమే లేదనడం తప్పు. గడియారం గజిబిజి అయితే మెలటోనిన్‌తో నిమిత్తం లేకుండానే ఇతర హార్మోన్ల ద్వారా, గర్భాశయపు సొంత గడియారం ద్వారా కూడా హాని జరగవచ్చు. వెలుతురు, మెలటోనిన్, అండం మూడూ ఒకే తాడుకి కట్టిన పూసలు కావు.

నైట్ షిఫ్టు స్త్రీల మాట

మరి మనుషుల్లో? అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో సంతాన చికిత్సకు వచ్చిన స్త్రీలను పరిశీలించి 2017లో ఒక నివేదిక వెలువరించారు. పగటివేళ మాత్రమే పనిచేసేవారి కంటే సాయంత్రం, రాత్రి, మారే షిఫ్టుల్లో పనిచేసేవారిలో పక్వమైన అండాలు తక్కువగా లభించాయి. డెన్మార్క్‌లో 22 వేలకు పైగా గర్భిణులపై 2019లో వచ్చిన అధ్యయనం మరో సంగతి చెప్పింది. వారంలో రెండు లేదా అంతకంటే ఎక్కువ రాత్రులు పనిచేసినవారికి, ఎనిమిదో వారం దాటాక, మరుసటి వారంలో గర్భస్రావం జరిగే అవకాశం 32 శాతం ఎక్కువ. గర్భస్రావాలు చాలావరకు పిండంలోని క్రోమోజోముల లోపాల వల్లనే జరుగుతాయి. నైట్ డ్యూటీ వాటికి తోడయ్యే మరో కారణం కావచ్చు. ఇవి పోలికలు మాత్రమే, ఇదే కారణమని తేల్చిన రుజువులు కావు. అయినా పట్టించుకోకుండా తోసెయ్యదగినవి కావు.

ఇవన్నీ అవతలి దేశాల మాటలు అనుకోకండి. భిలాయికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న రాయపూర్ పండిత రవిశంకర్ శుక్ల విశ్వవిద్యాలయంలో అతనూ కుమార్ పతి, ఆయన సహచరులు జీవగడియారాలపై పరిశోధించారు. షిఫ్టు పని పర్యవసానాలను, వాటిని ఎదుర్కొనే మార్గాలను వివరిస్తూ 2001లో 'కరెంట్ సైన్స్' పత్రికలో విపులమైన సమీక్ష ప్రచురించారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్త్రీలను రాత్రి పనికి దూరంగా ఉంచింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన కొత్త స్మృతి, స్త్రీ సమ్మతితో, భద్రతా ఏర్పాట్లతో అందుకు వీలు కల్పించింది. ఉద్యోగావకాశాల దృష్ట్యా ఇది మంచి మార్పే. ఆసుపత్రుల్లో నర్సులు ఎప్పటినుంచో రాత్రులు పనిచేస్తూనే ఉన్నారు. కనుక వాళ్ల డ్యూటీ చార్టు వేసేవారికి ఈ సంగతులు తెలిసి ఉండటం అవసరం.

ఏం చేయాలి? ఏం చేయకూడదు?

మొదటిది: నింద వేయకూడదు. పెళ్లయి నాలుగేళ్లయినా పిల్లలు లేకపోతే మన ఇళ్లలో మొదట కోడలి వైపే వేలు చూపిస్తారు. ఆమె నైట్ డ్యూటీలు చేస్తూంటే ఇక చెప్పనక్కరలేదు. సంతానం కలగని జంటల్లో దాదాపు సగం మందిలో పురుషుని వైపు నుంచి కూడా కారణం ఉంటుంది. పరీక్షలు ఇద్దరికీ జరగాలి. మెలటోనిన్ గురించి మీరు నేర్చుకున్నది ఎవరినీ దెప్పడానికి పనికి రాకూడదు.

రెండోది: మందుల దుకాణంలో దొరికింది కదా అని మెలటోనిన్ మాత్ర సొంతంగా వాడకూడదు. రెండు, మూడు మిల్లీగ్రాముల మాత్ర కూడా రక్తంలో దాని స్థాయిని సహజంగా రాత్రి ఉండే స్థాయికి ఎన్నో రెట్లు పెంచుతుంది. గర్భం కోరుకునేవారు, గర్భిణులు వైద్యుని సలహా లేకుండా దాని జోలికి పోకూడదు.

మూడోది: ఖర్చు లేనిది, ఎవరికైనా మేలు చేసేది. చీకటిని కాపాడుకోండి. పడుకునే గదిలో బల్బు, పక్కలో సెల్‌ఫోను వెలుతురు ఉండనీయకండి. ఇంట్లో ఎవరైనా నైట్ షిఫ్టు చేసి వస్తే, కిటికీకి దళసరి తెర కట్టి, పగటిపూట ఆ గదిని చీకటి చేసి, రేడియో, టీవీ గొంతు తగ్గించండి. షిఫ్టులు మార్చేటపుడు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే వరుసలో ముందుకు జరిపితే శరీరం తేలికగా సర్దుకుంటుంది. వరస తిరగేస్తే కష్టం.

మీ ఇంట్లో షిఫ్టు డ్యూటీ చేసేవారుంటే ఒక చిన్న పని చేసి చూడండి. నెలరోజులపాటు వాళ్లు పడుకున్న వేళ, లేచిన వేళ, ఆ రోజు షిఫ్టు ఒక నోటుపుస్తకంలో రాయండి. తర్వాత గ్రాఫు గీయండి. ఏ షిఫ్టులో నిద్ర ఎన్ని గంటలు తగ్గిందో మీకే కనిపిస్తుంది. వీలైతే ఆ గ్రాఫు వాళ్లకు చూపించండి.

బ్లాస్ట్ ఫర్నేసు రేపు రాత్రి కూడా మండుతూనే ఉంటుంది. ఉక్కు కావాలంటే మండవలసిందే. కాని దాని పక్కన పనిచేసే మనిషి ఉక్కుతో చేసినవాడు కాదు. ప్రతి మనిషీ ఒకనాడు మిల్లీమీటరులో పదోవంతు ఉన్న ఒక్క కణంగా మొదలైనవాడే. ఆ కణం చుట్టూ ఉన్న నీటిబొట్టులో రాత్రి చీకటి తాలూకు ఆనవాలు కొంత ఉండేది.